కింద తెగిపోయిన పేర్లు

కడ్డీలన్నిటి కిందా అస్కర్, అస్కర్, అస్కర్, సైటున్న ఊరి పేరొక్కటే, ఒక్కదానికీ ముందు ముక్క లేదు, ఇదేం దిక్కుమాలిన గ్రాఫో, నిలువుగా తిప్పిన పేర్లు బొమ్మ అంచు దాటి షెడ్డు నంబర్లన్నీ తెగిపోయాయి, పొద్దున్నే మేనేజర్ భీమరాజు గారు, ఏ షెడ్డులో ఎంతమందికి ఎండదెబ్బ తగిలిందో ఎలా తెలుస్తుందమ్మా కళా అంటే, వరసే కదా సార్, ఒకటి నుంచి ఏడు, అని నవ్వేసింది, నంబరు కనబడకపోతే ఏం కొంప మునిగిందని, నిన్న లింబాద్రి మామ ఫోన్ చేసినప్పుడూ తెర మీద ఇదే గ్రాఫు, బిడ్డా, రేపటిసంది నాలుగో షెడ్డుల చేస్తవా ఏడుల చేస్తవా అని ఫోర్మెన్ అడుగుతుండు, పోయినేడు ఎండకు పడ్డంక నాకు బయమైతుంది, జెర కంపూటర్ల జూసి చెప్పు అన్నాడు, చివరి కడ్డీ గోరంత కూడా లేదు, ఏడుకే పో మామా, ఆడ ఎవ్వలు పడలే అంది, నువ్వు జెప్పినంక ఇంకేంది బిడ్డా అన్నాడు, సరే ముందు ఈ మార్జిన్ సంగతి చూద్దాం, సబ్‌ప్లాట్స్ అడ్జస్ట్, బాటమ్ పాయింట్ నాలుగు, ఆ, కడ్డీలు పైకి జరిగాయి, కింద పేర్లు నిండుగా దిగాయి.

అమ్మో, ఇదేంటి, చివర ఏడు కదా ఉండాలి, రెండో షెడ్డు అని ఉందేంటి, ఏడెక్కడ, ఏడెక్కడ, మధ్యలో ఆ అన్నిటికన్నా పొడుగు కడ్డీ కింద, ఏడో షెడ్డు, అస్కర్, కాదు, తప్పు పడుంటుంది, ప్రోగ్రాం మళ్లీ నడిపింది, అదే, డిక్షనరీ అనే పట్టీలో వేసిన పేర్లను పైథాన్ అంకెల వరసలో కాక, మనం ఎక్కించిన వరసలోనే తీస్తుందని నేర్చుకున్న మొదటివారమే తెలుసు కదే మొద్దుమొహమా, తెలిసీ ఒకటీ రెండూ అని వేలు పెట్టి లెక్కపెట్టావు, మామ పొద్దున డ్యూటీ ఎక్కేశాడు, ఫోన్ కలిపింది, మోగుతోంది, ఎత్తడు, మోగుతోంది, దేవుడా, ఎత్తు మామా.

ఎత్తింది ఫోర్మెన్ వెంకటి, మీ మామనా, ఇంతకుముందే కండ్లు తిరిగి పడ్డడమ్మా, నీడకు పండవెట్టి నీళ్లు తాపుతున్నం, అంబులెన్సు వస్తుంది, మాట్లాడతడట, ఇస్తున్న, అన్నాడు, తర్వాత మామ గొంతు, నీరసంగా, బిడ్డా, పరేషాన్ గాకు, నీ కంపూటర్ మంచిగనే జెప్పింది, ఇయ్యాల్నే ఎండ జర ఎక్కువుంది, అంటున్నాడు, ఇంకా ఎండనే తిడుతున్నాడు, కళకు ఏడుపు తన్నుకొచ్చింది, కంప్యూటర్ ఏమీ చెప్పలేదు మామా, అది నంబరే చూపించలేదు, చెప్పింది నేను.