రెండో కేబులు

ఉగ్గాని కోసం నానబెట్టిన బొరుగులు పిండుతుంటే మా ఆయన స్టీవెన్ తన ఫోను తెచ్చి నా చెవికి ఆనించాడు. ఫోను వచ్చింది ఆయనకే. స్టీలు ప్లాంటులో కంప్యూటర్ల మేనేజరు ఆయన, ఆయన కింద ఇంజినీరును నేను. అవతల లోడింగు చూసే నింగప్ప అరుస్తున్నాడు.

"ఏంది సారూ, వేబ్రిడ్జి సిస్టం కదల్లేదు! ఒక్కో లారీ తూకానికి పది నిమిషాలు పడతాంది. కూరెకుప్ప ఊరి దాకా నిలబడినాయి!"

"నువ్వు పో యూనీస్, నేను తిని వస్తా" అన్నాడు స్టీవెన్. మా అత్త జ్ఞానకుమారి, "పోతే పో గాని, మిరపకాయ బజ్జీలు ఏసి పో. వాడు ఉత్త ఉగ్గాని తినడు" అంది. వేసే వెళ్ళాను. ఖనిజం జోరు మీదున్న రోజులు, ఊరంతా లారీలే. లారీలు ఆగినా మా ఇంట్లో బజ్జీలు ఆగవు.

మా దగ్గర ఒకే పెద్ద సర్వరులో వేబ్రిడ్జికి, జీతాలకు, స్టోర్సుకు వేరువేరు వర్చువల్ మిషన్లు, అంటే ఆ ఒక్కదాంట్లోనే విడివిడి కంప్యూటర్ల లాంటివి, నడుస్తాయి. వాటి డేటా మాత్రం పక్కనున్న స్టోరేజీ పెట్టెలో ఉంటుంది. సర్వరు నుంచి ఆ పెట్టెకు రెండు కేబుళ్ళు, అంటే రెండు దారులు. ఒకటి తెగితే రెండోది ఆదుకోవాలి, రెండూ బాగుంటే బరువు పంచుకోవాలి. చూస్తే మొదటి దారి కిక్కిరిసి ఉంది, రెండో దారిలో సున్నా. కేబుళ్ళు చూశాను, స్విచ్చులు చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి సెట్టింగు తెరిస్తే, మిషన్లన్నీ మొదటి దారినే వాడాలని ఎవరో కట్టిపడేశారు. నెలాఖరు జీతాల పని కూడా అదే దారిన పడేసరికి వేబ్రిడ్జికి సందు దొరకలేదు. ఎవరో అన్నాను గానీ, రికార్డులో పేరుంది. స్టీవెన్. సర్వరు పెట్టిన రోజే అలా పెట్టాడు. రెండు దారులనూ వంతులవారీగా వాడమని మార్చాను. పెట్టెలో డేటా రాయడానికి తొంభై మిల్లీసెకన్లు పట్టేది ఎనిమిదికి దిగింది, లారీలు కదిలాయి. ఒక్కదాన్నే కూర్చుని చప్పట్లు కొట్టుకున్నాను.

స్టీవెన్ వచ్చి అంతా విన్నాడు. "రిపోర్టులో నా పేరు యాల? నిన్న వినీల కేబులు మార్చింది గదా, అది రాయి."

వినీల మా చర్చి సంఘం పిల్లే. సిరిగేరి నుంచి వస్తే నేనే కాంట్రాక్టు మీద ఆపరేటరుగా చేర్పించాను.

"ఆ పిల్ల మార్చింది రెండో కేబులండీ. ఎవరూ వాడని దారి. అది మారిస్తే లారీలు ఎట్లా ఆగుతాయి?"

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. పైవాళ్ళకు తెలుసా? మొగుని పరువు తీసి నువ్వేం బాగుపడతావు? సుమ్నె, ఊరికే రాసెయ్."

రాశాను. ఆయన గొంతు కూడా పెంచలేదు. తిట్టలేదు, బెదిరించలేదు, అదే నాకు తల ఎత్తుకోలేని సంగతి. తొమ్మిదేళ్ళుగా ఆయన మెయిళ్ళు నేను రాశాను, ఆయన మీటింగుల్లో చదివే కాగితాలు నేను రాశాను, "దానికి అంతా నేనే నేర్పించినా" అని ఆయన నలుగురిలో అంటే పక్కన నిలబడి నవ్వాను. అలవాటు పడిన చేతులు ఇదీ రాసేశాయి అనుకుందామని చూశాను. ఛీ, చేతుల మీదికి నెట్టడం ఇంకో దొంగతనం. "కేబులు మార్చడంలో ఆపరేటరు అజాగ్రత్త" అని తెలిసే రాశాను. మర్నాడు వినీలను రావద్దన్నారు. ఆ పిల్ల మూడుసార్లు ఫోను చేసింది. నేను ఎత్తలేదు.

మూడో రోజు ఆదివారం, నెలలో మొదటిది, చర్చిలో ప్రభుబల్ల, అంటే ప్రభువు పేరున రొట్టె పంచుకునే రోజు. రొట్టె తీసుకునే ముందు, ఎవరి మీద ఏమున్నా వాళ్ళ దగ్గరికి పోయి చెప్పుకొని సమాధానపడాలి. తాతల నాడు మిషనరీలు పెట్టిన వాడుక. మామూలుగా గిన్నె తిరిగివ్వలేదనో, పెళ్ళికి పిలవలేదనో చెప్పుకుంటారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. వినీల వచ్చి నా ముందు మోకరించింది.

"అక్కా, నన్ను క్షమించు. పని పోయినప్పటి నుంచి నీ మీద కోపంగా ఉండాను. నువ్వొక మాట చెప్పింటే పనిలో ఉంచుకుంటాండ్రి అని తిట్టుకున్నా. నువ్వు మాత్రం ఏం చేస్తావు, కేబులు మార్చింది నేనే గదా. యాడ తప్పు చేసినానో నాకే తెల్దు."

అయ్యో దేవుడా! తప్పు తనదేనని నమ్ముతోంది. ఇక ఏ కేబులు ముట్టుకున్నా ఈ పిల్ల చేతులు వణుకుతాయి, ఆ వణుకు పెట్టింది నేను. "క్షమించినానని చెప్పమ్మా, అయ్యగారు చూస్తాండారు" అని మా అత్త మోచేత్తో పొడిచింది. పాస్టరు కృపానందం అయ్యగారి పక్కన, సంఘపెద్దగా, స్టీవెన్ రొట్టె పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. వద్దన్నట్టు నా వైపు చిన్నగా తల ఊపాడు. క్షమించానని ఆ ఒక్క మాట అనేస్తే అందరూ పాట అందుకుంటారు, నేను హాయిగా ఇంటికి పోవచ్చు.

వినీలను చెయ్యి పట్టి లేపాను. చర్చి అంతటికీ వినపడాలని గొంతు పెంచాను.

"రేపు ఆ రిపోర్టు మార్చి పంపుతా వినీలా. సెట్టింగు తప్పు పెట్టింది మా ఆయన. తెలిసీ నీ పేరు రాసింది నేను."