మౌనం కోరిన అతిథులు

పడవెక్కే అతిథులకు నేను చెప్పే మాటలు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. చెప్పులు ఇక్కడ విప్పండి. లైఫ్ జాకెట్ తీయకండి. మధ్యాహ్నం దీవి దగ్గర లంగరు వేస్తాం, ఉల్లిపాయలతో వేయించిన సార్డీన్ చేపలు, రొట్టె, వెన్న కేకు ఉంటాయి. పడవలో మాత్రం కుందేలు పేరెత్తకండి, ఫ్రాన్సు పడమటి తీరంలోని మా బ్రెటన్ నావికులకు అది అపశకునం. అక్కడ అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఈ మధ్య ఆ నవ్వుకు కూడా ఓపిక ఉండటం లేదు.

వాళ్లకు చెప్పనిది ఒకటుంది. చుక్కాని పట్టిన మా ఆయన గుల్వెన్‌కు చూపు పోతోంది. పోయిన చలికాలం నుంచి ఎటు చూసినా నడిమధ్యన మసకేనట. కుందేలు పేరులాగే డాక్టరు పేరు కూడా ఎత్తకూడదు.

అందుకని నేను మాట్లాడతాను. "ఎడమ వైపు ఎర్ర బోయా చూడండి, దాని మీద నీటికాకి ఎలా కూర్చుందో" అని అతిథులతో అంటాను. వాళ్లు ఫోటో తీసుకుంటారు. దారి హద్దు చూపే ఆ తేలే గుర్తు ఎటుందో విని గుల్వెన్ పడవను కాస్త కుడికి జరుపుతాడు. వంట నేనే, తాళ్లు నేనే, పైగా రోజంతా ఈ పురాణం. గొంతు బొంగురుపోయింది.

"చుక్కాని నాకిచ్చెయ్యరాదా, ముసలాడా" అన్నాను ఆ పొద్దున కూడా.

"ఇచ్చేసి నేనేం చెయ్యాలి? ఉల్లిపాయలు తరగాలా?"

ఆ రోజు వచ్చినవాళ్లు ఇద్దరే, ఒదీల్ అనే నర్సు, ఆమె భర్త రెజిస్. పడవ కదిలి, సముద్రం మీంచి మా ఖాతంలోకి తిరగ్గానే ఒదీల్ నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ల కింద నల్లటి చారలు.

"ఏమనుకోకండి మేడమ్. ఆస్పత్రిలో రోజంతా మాటలే. ఈ ఒక్క పూట ఏమీ వినకుండా కూర్చోవాలని ఉంది."

నేను గుల్వెన్ వైపు చూశాను. ఆయన ముందుకే చూస్తూ, "అడిగారుగా సొయిజిక్. కాసేపు ఊరుకో" అన్నాడు.

ఒళ్లు మండింది. సరే, నీ ఇష్టం అనుకుని కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, కాసేపు హాయిగానే ఉంది. నీళ్ల చప్పుడు విని ఎన్నాళ్లయిందో.

ఆ తర్వాత ఇరుకు దారి వచ్చింది. పోటు నీరు లోపలికి ఉరుకుతూ పడవను కుడికి లాగేస్తోంది. కుడి చేతి వైపు ఉండాల్సిన ఆకుపచ్చ బోయా సూటిగా ముందుకొచ్చేసింది. దాని వెనకే రాళ్లు. ముందు భాగంలో ఆ ఇద్దరూ కాళ్లు బయటికి వేలాడేసి కళ్లు మూసుకుని ఉన్నారు. గుల్వెన్ చెయ్యి కదల్లేదు. నోరు తెరిచాను.

"సొయిజిక్" అన్నాడు ఆయనే ముందుగా, మామూలు గొంతుతో, అందరికీ వినిపించేలా. "ఆకుపచ్చది ఎటుంది? నాకు కనబడట్లేదు."

"ఎదురుగానే ఉంది. ఎడమకి తిప్పు. ఇంకా. ఇంకా తిప్పు." ముందున్నవాళ్లకు కాళ్లు లోపలికి లాక్కోమని అరిచాను.

బోయా మా పక్క నుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోయింది. రెజిస్ ముఖం పాలిపోయింది. ఒదీల్ మాత్రం వెనక్కి తిరిగి గుల్వెన్ కళ్లలోకి చూసి, తర్వాత నన్ను చూసింది.

"మీరు చెప్పేవన్నీ ఆయన కోసమా?" అంది.

నేను తలూపాను. దాచే ఓపిక కూడా లేదు.

గుల్వెన్ లేచి నిలబడ్డాడు. నా చెయ్యి తీసుకుని చుక్కాని మీద పెట్టాడు. అవీ ఇవీ పట్టుకుంటూ మెట్లు దిగి వంటగదిలోకి వెళ్లాడు. పోటు మీద పడవను సరిచేసుకుంటూ ముందుకు పోనిచ్చాను. ఏడుపొస్తోంది. దాంతోపాటే, ఇంత కాలానికి వీపు నుంచి బరువు దిగినట్టూ ఉంది.

కింద సామాన్లు తడుముతున్న చప్పుడు వినిపించింది.

"సొయిజిక్, ఉల్లిపాయలెక్కడ?"

"ఎడమ వైపు, పొయ్యి పక్కన బుట్టలో" అన్నాను. "కత్తి కుడి వైపుంది, చూసుకో."