ఎదురెదురు కవలలు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఈ కథ గొంతు పెంచి చెప్పేది కాదు.

చిప్పులకు ప్లాను గీసే పిల్ల ఒకతె ఉండేది. ఆ ప్లానునే లేఅవుట్ అంటారు. గోరంత సిలికాన్ ముక్క మీద ఏ ట్రాన్సిస్టర్ ఎక్కడ కూర్చోవాలో, ఏ తీగ ఎటు పోవాలో గీయడమే ఆమె కొలువు. గదిలో వరసగా కుర్చీలున్నా మనిషి మాత్రం ఆమె ఒక్కతే. మిగతావాళ్లను వేరే పనికి మార్చేశారు. ఆమె గీతలు దిద్దే, అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయన చూపు పోయి కొలువు మానుకున్నాడు.

ఆ సాయంత్రంలోగా ప్లాను ఫ్యాక్టరీకి వెళ్లిపోవాలి. వినికిడి తగ్గినవాళ్లు చెవిలో పెట్టుకునే మిషనుకు చిప్పు అది. ఒకసారి అచ్చయితే చెరపడానికి లేదు. సన్నటి శబ్దాన్ని పట్టే చోట రెండు ట్రాన్సిస్టర్లుంటాయి, కవలల్లా. ఒకటి పిసరంత తేడాగా నడిచినా చెవిలో మాట వంకరపోతుంది.

కంప్యూటరు తప్పుల్లేవంది. ఆమెకే మనసు కుదుటపడలేదు. ఆ చిప్పుకు సర్క్యూట్ తయారుచేసిన ఇంజనీరును వచ్చి ఒకసారి చూడమంది.

"కంప్యూటరే సరేనన్నాక కోడిగుడ్డుకు ఈకలు పీకుతావేంటమ్మా?" అని ఆయన గుమ్మం దగ్గరే నవ్వి వెళ్లిపోయాడు.

దిక్కుతోచక బాబాయికి ఫోన్ చేసింది.

"నాకు కళ్లెక్కడివే పిల్లా? నోటితో చూపించు," అన్నాడాయన.

"కవలలిద్దరూ ఎదురెదురుగా ఉన్నారు బాబాయ్, అద్దంలో చూసుకుంటున్నట్టు. ముచ్చటగా ఉన్నారు."



"ముచ్చట మన కంటికి. ఫ్యాక్టరీలో కరెంటు పారేందుకు వాళ్ల మీద మందు చల్లేది ఏటవాలుగా. వానజల్లనుకో. ఎదురెదురుగా నిలబడితే ఒకడికి మొహాన పడుద్ది, ఇంకొకడికి వీపున. ఇంక వాళ్లు కవలలేంటి, నీ తలకాయ. ఇద్దర్నీ ఒకే వైపు తిప్పు."

ఒకణ్ని తిప్పేసరికి తీగలన్నీ చిక్కుపడ్డాయి. ఒక్కొక్కటే విప్పి మళ్లీ గీసింది. ఫోను ఆమె పెట్టేయలేదు, ఆయనా పెట్టేయలేదు. అవతల దగ్గు, కుర్చీ కిర్రుమనడం వినబడుతూనే ఉన్నాయి.

"అయిపోయింది బాబాయ్. పంపేశాను."

"మంచిది." ఫోను పెట్టేయకుండానే, "ఇంకేమైనా అనుమానముందా?" అన్నాడు.

అనుమానాలేవీ మిగల్లేదు.

"వాళ్ల చుట్టూ ఒక కంచె కట్టాను," అంది. పక్కవాటి రొద లోపలికి రాకుండా కట్టే కంచె అది. ఎప్పుడో సరిగ్గానే కుదిరింది.

"ఏదీ, మెల్లగా చెప్పు. ఏ మూల నుంచి?"

ఆమె ఎడమ మూల నుంచి, తొందర లేకుండా మొదలుపెట్టింది.

గుర్తుపెట్టుకో తల్లీ. రేపు నువ్వెవరికైనా ఈ కథ చెబితే, కంచె దగ్గర తొందరపడకు.