విర్యో ఎడమ చెవి

నాకు కోపమొస్తే ముందు చెయ్యి లేస్తుంది, బుద్ధి తర్వాత వస్తుంది. ఇండోనేషియాలో మా తెగల్ రేవులో పడవల మీద పనిచేసినప్పుడు ఇద్దరి పళ్లు రాలగొట్టాను. జపాన్ ఉద్యోగం కోసం ట్రైనింగ్ సెంటర్లో చేరాక మాత్రం బుద్ధిగా ఉన్నాను. అక్కడ కొట్టుకుంటే ఇద్దరినీ ఇంటికి పంపేస్తారు.

నా పక్క మంచం విర్యోది. జపనీస్ పరీక్షలో విని జవాబు రాసే భాగం నాకు గండం. రోజూ సాయంత్రం వాడే కూర్చోబెట్టి నేర్పేవాడు. ముప్పై నిండితే మా కంపెనీ తీసుకోదు. వాడికి ఇరవై తొమ్మిది, వచ్చే పరీక్షకి ముప్పై నిండిపోతాయి. ఇదే ఆఖరి పరీక్ష.

పరీక్షకి మూడు రోజుల ముందు ఒకే సంభాషణ తొమ్మిదిసార్లు వినిపించాడు. తొమ్మిదిసార్లూ తప్పే చెప్పాను.

"ఒరే తార్జో, చెవుల్లో చేప పొలుసులు పట్టాయేంట్రా? నీకన్నా మీ నాన్న పడవ నయం, తిప్పితే తిరుగుతుంది!"

మా నాన్న ఆ పడవతోనే మునిగి పోయాడు. అది వాడికి తెలీదు. అరచేత్తో ఎడమ చెవి మీద ఛెళ్లున కొట్టాను. పడిపోయినా వదల్లేదు. జుట్టు పట్టి లేపి తల గోడకేసి బాదాను. చెవిలోంచి రక్తం మెడ మీదికి కారాక గానీ నాకు ఒంటి మీద తెలివి రాలేదు.

వార్డెన్ వస్తే విర్యో తువ్వాలు అడ్డం పెట్టుకుని, "మెట్ల మీద జారాను సార్" అన్నాడు. నిజం చెబితే తనూ పోతాడు మరి.

పరీక్ష హాల్లో వాడు నా ముందు వరసలో ఉన్నాడు. స్పీకర్లు పెట్టి, "వినబడనివాళ్లు చెయ్యెత్తండి" అందొకావిడ. వాడు కుడి చెవి అటు తిప్పుకుని కూర్చున్నాడు, చెయ్యెత్తలేదు. వాడి బదులు నేనెత్తాను. ఆవిడ సౌండ్ పెంచింది. విర్యో ఎడమ చెవి పట్టుకుని బల్ల మీదికి ముడుచుకుపోయాడు. నా చెయ్యి విరిగిపోనూ!

జనవరి చివర ఫలితాలొచ్చాయి. నేను పాసయ్యాను. వినే భాగంలో పంతొమ్మిది రావాలి, వాడికి పదిహేడు.

సెంటర్ వెనక వాడి ముందు నిలబడి, "కొట్టరా" అన్నాను. మొదటి గుద్దుకి పెదవి చీలింది. రెండోదానికి ముక్కు పగిలింది. కింద పడేసి డొక్కలో తన్నాడు, మళ్లీ తన్నాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని అన్నీ పడ్డాను. చివరికి వాడే అలిసిపోయి ఆగాడు.

"చాల్లేదురా, చెవి మీద కొట్టు," అన్నాను రక్తం ఉమ్మి.

వాడు వంగి, కుడి చెవి నా నోటి దగ్గర పెట్టాడు.

"ఏమన్నావ్? ఇటు పక్క చెప్పు."