ఊదేసిన పొడి

బావంటే అతనికి కడుపుమంట. అక్క మొగుడు కదా అని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాడు. ఇప్పుడు మూసుకునే పని కూడా లేదు, నాలుగు మాటలకే ఆయాసం.

కొట్టు ఇద్దరిదీ. గాజు మీద పువ్వులూ పేర్లూ చెక్కేది అతను, బేరాలు కుదిర్చేది బావ. మొదట్లో అతను పద్ధతిగానే చేశాడు. కళ్లకు అద్దాలు, మూతికి మాస్కు, గాజు కింద తడి స్పాంజి, గిర్రున తిరుగుతూ గాజును చెక్కే మోటారు ముల్లు మొన దగ్గర చుక్కచుక్కగా నీళ్లు. పొడి పైకి లేచేది కాదు, ఆ నీళ్లలోనే పాలలా కలిసిపోయేది.

బావకది నచ్చలేదు.

"నీళ్లకి పెన్నుతో గీసుకున్న గీత చెరిగిపోతోంది. ఒక్క గ్లాసుకి పూటంతా కూర్చుంటే ఎలారా? పైగా ఆ మూతిగుడ్డొకటి! దొంగతనానికి గానీ బయల్దేరావా?"

కొట్టులో ఉన్న గిరాకీలు పగలబడి నవ్వారు. అతనికి తల కొట్టేసినట్టయింది. మాస్కు తీసి మేకుకు తగిలించాడు. అది అక్కడే దుమ్ము పట్టింది.

అప్పట్నుంచి తడి లేకుండానే చెక్కాడు. తెల్లటి పొడి గీతను కప్పేసేది. ఉఫ్ మని ఊదితే గీత తేలేది. మళ్లీ ముల్లు, మళ్లీ ఉఫ్.

దగ్గు పట్టుకుని వదలకపోయేసరికి ఆస్పత్రికి వెళ్లాడు. డాక్టరమ్మ చేతికో గొట్టమిచ్చి ఊదమంది. ఏళ్ల తరబడి ఊదిన మనిషే. తెర మీద గీత కాస్త లేచి చతికిలబడింది.

"చెక్కేటప్పుడు లేచే పొడిని ఏం చేసేవాళ్లు?"

"ఊదేసేవాణ్ణండీ."

"ఊదాక?"

"ఊదాక ఏముందండీ, ఊపిరి పీల్చుకునేవాణ్ణి."

అన్నాక గానీ తనేమన్నాడో అతనికి తట్టలేదు. ఆమె పెన్ను కింద పెట్టింది.

"పాడైంది బాగవ్వదు. మిగిలిందైనా కాపాడుకోండి. ఇక ఆ పని ముట్టుకోకండి."

పని చెయ్యనివాడికి వాటా ఏంటన్నాడు బావ. రాసిచ్చేద్దామని అతను కొట్టుకెళ్తే, ముల్లు పట్టుకుని బావే కూర్చునున్నాడు. మూతికి కొత్త మాస్కు. గాజు కింద తడి స్పాంజి.

"మన జాగ్రత్తలో మనం ఉండాలి కదరా మరి," అన్నాడు మాస్కులోంచి.

ఏం బావా, దొంగతనానికి గానీ బయల్దేరావా అందామని నోరు తెరిచాడు. "ఏం బావా" దగ్గరే దగ్గు తన్నుకొచ్చింది. సంతకం పెట్టేదాకా ఆగలేదు.

ముప్పై రెండు గజాల కొట్టు. కాగితం మీద అతనికి పోయింది అందులో సగం, పదహారు గజాలు.