పన్నెండో పటం

హుచ్చమ్మ తడిగుడ్డ పిండి ఐదో పటం అద్దం తుడిచింది. రాయచూరులోని ఆ సభామందిరం ఊడ్వడం ఆమెకు ఇరవయ్యేళ్ల పని. ఈమధ్య మోకాళ్లు వంగడం లేదు. గోడ పట్టుకుని కూర్చుని, గోడ పట్టుకునే లేస్తోంది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే మానిపిస్తానని సూపర్‌వైజరు రామచంద్రయ్య మొన్ననే చెప్పాడు.

నిన్న సాయంత్రం ఎవరో పన్నెండు పటాలు తగిలించి వెళ్లారు. అన్నీ ముఖాలే. పగిలిన పెదవులు, కమిలిపోయిన బుగ్గలు, ఎండలో మిరపకాయలు కోసే కూలీల్లా. కింద రాసింది ఆమెకు చదవరాదు. ఈ హాల్లో మనిషి పటం పెట్టారంటే సంతాపసభే. ప్రతిసారీ బొట్టు పెట్టేది తనే. కొంగున కట్టుకొచ్చిన కనకాంబరాలు చట్రాల మూలలకు గుచ్చి, పన్నెండింటికీ కుంకుమ అద్దింది.

పదింటికి రామచంద్రయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. పక్కన ప్రదర్శన పెట్టిన అమ్మాయి, హిమబిందు. మంచుకొండలెక్కే మనిషి.

“ఏందే ఇది? కొండలెక్కెటోళ్ల ఫోటోలు గివి! బతికున్నోళ్లను సంపి కూసున్నవు గద!”

“నాకేం ఎరుక సార్? గిన్ని పటాలు జూసి, బస్సు గిట్ల బోల్త పడ్డదేమో అనుకున్న.”

హిమబిందుకు నవ్వాగలేదు. మూడో పటంలో తన నుదుటి మీదే రూపాయంత బొట్టు. “నన్నూ పంపించేశారా అమ్మా?” అంటూ పటాల వెంట నడిచింది. చివరిదాని ముందు నవ్వు ఆగింది.

“రేపటి సంది పనికి రాకు,” అన్నాడు రామచంద్రయ్య.

“ఫిర్యాదు చేయాల్సింది నేను కదండీ? నేను చేయను,” అంది హిమబిందు, వెనక్కి తిరగకుండానే.

పదకొండు పటాలూ హిమబిందే తుడిచింది. పన్నెండోదాన్ని ముట్టుకోలేదు. మధ్యాహ్నం కాలేజీ పిల్లలొచ్చి సెల్ఫీలు దిగి వెళ్లారు.

సాయంత్రం పటాలు పెట్టెలో సర్దుతూ, పన్నెండోది చేతిలోకి తీసుకుని చెప్పింది. “అతను ధర్మతేజ. ఇద్దరం ఒకే తాడు కట్టుకుని ఎక్కేవాళ్లం. మంచు విరిగిపడి నాలుగేళ్లయింది, దొరకలేదు. వాళ్లమ్మ ఇంకా రోజూ కంచం పెడుతుంది. బొట్టు పెట్టే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.”

“తుడ్వనా బిడ్డా?”

“వద్దు. ఇట్లాగే తీసుకెళ్తాను. ఆవిడకు నేనే చెప్పాలి.” కుంకుమ చెదరకుండా పైన కాగితం పరిచి, పెట్టె మూసింది.

కారు వెళ్లిపోయింది. హుచ్చమ్మ సుత్తితో మేకులు పీకడం మొదలుపెట్టింది. ఒక్కటి మిగిలినా మళ్లీ ఫిర్యాదే. పదకొండు పీకి, పన్నెండోదాన్ని వదిలేసి, సుత్తి అల్మారాలో పెట్టి తాళం వేసింది.

సున్నపు గోడకు, మనిషి నిలబడితే కళ్లకెదురుగా, ఒక్క మేకు.