ఒక్క సంతకం తక్కువైన సభ

ప్రొఫెసరు గారికి అసూయ అనే మాటంటేనే గిట్టదు. అది చదువుకోనివాళ్ళకు వచ్చే జబ్బని ఆయన నమ్మకం. తనకున్నది విద్యా ప్రమాణాల మీద పట్టింపు మాత్రమే. చిత్రమేమిటంటే ఆ పట్టింపు ఒకే ఒక్క మనిషి పేరు చెవిన పడగానే నిద్రలేచేది. ఆ మనిషి ఆయన భార్యకు స్వయానా తమ్ముడి కూతురు. ఆయన దగ్గరే పరిశోధన చేసి, పట్టా పుచ్చుకుని, ఆయన డిపార్ట్‌మెంట్లోనే లెక్చరరుగా చేరింది. ఇంట్లో మావయ్యా అంటుంది, కాలేజీలో సార్ అంటుంది. రెండు పిలుపుల్లోనూ బోలెడు గౌరవం ఉంటుంది. తప్పు పట్టడానికి సందివ్వని ఆ గౌరవమంటేనే ఆయనకు ఒళ్ళుమంట.

ఆయన చదివేదీ చెప్పేదీ స్థానిక పాలన. చట్టం జనానికిచ్చిన సభలకు మామూలు మనుషులు ఎందరొస్తారు, వచ్చినవాళ్ళలో నోరు విప్పేదెవరు, విప్పితే ఎంతసేపు, మధ్యలో నోరు మూయించేదెవరు, ఇదీ ఆయన గొడవ. అందుకోసం ఎక్కడికో పోకుండా తానుండే వార్డునే ఎంచుకున్నాడు. పన్నెండేళ్ళుగా ప్రతి వార్డు సభకూ వెళ్ళడం, వెనక వరసలో గోడవారగా కూర్చోవడం, కాగితం మీద కుర్చీల పటం గీసుకుని ఎవరు మాట్లాడితే ఆ కుర్చీ మీద ఒక గీత పెట్టడం. తాను మాత్రం బెల్లంకొట్టిన రాయిలా ఉండేవాడు. ఆ వార్డులో ఓటున్నా హాజరు పుస్తకంలో సంతకం పెట్టేవాడు కాదు. చూసేవాడు వేలు పెట్టకూడదు, పెడితే చూసినదంతా చెడిపోతుంది. శిష్యులకు మొదటి క్లాసులోనే చెప్పే మాట అది. వార్డు జనం ఆయనకు గోడ మాస్టారని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలిసినా మురిసిపోయి ఉండేవాడు, పద్ధతికి దక్కిన మెప్పనుకుని.

ఈ పన్నెండేళ్ళ చూపులోంచి ఒక పుస్తకం పుట్టబోతోంది. సభ చెల్లాలంటే ఇంతమంది ఓటర్లు సంతకం చెయ్యాలని చట్టంలో ఉంది. ఆ వార్డులో ఏనాడూ అంతమంది కూడలేదు. అరగంట చూడటం, గుమాస్తా హాజరు పుస్తకం మూసెయ్యడం, తర్వాత పైవాళ్ళు తమకు తోచింది చేసుకోవడం. అందుకే ఆయన పుస్తకం మొత్తం ఒక వాక్యం మీద నిలబడింది: జనం రారు, రాకపోవడమే వాళ్ళ తీర్పు. ఆ వాక్యం తోచిన రోజు ఆయన భార్యను పిలిచి మరీ చదివి వినిపించాడు. ఆవిడ విని, "రాకపోతే ఎందుకు రాలేదో వెళ్ళి అడగొచ్చు కదండీ" అంది.

వెళ్ళి అడిగే పని ఆ పిల్ల చేసింది. పరిశోధనకని అదే వార్డు పట్టుకుంది. మొదట్లో బుద్ధిగా మావయ్య పక్కనే కూర్చుని గీతలు పెట్టింది. తర్వాత ఓ రోజు సభకు ముందే వచ్చి, ముందు వరసల కుర్చీలన్నీ జరిపి గుండ్రంగా వేసేసింది. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళకల్లా ఒకటే పని అప్పజెప్పేది, ఈసారి వచ్చేటప్పుడు పై అంతస్తు వాళ్ళను వెంటబెట్టుకు రమ్మని. ఆడవాళ్ళకు చెల్లెలైపోయింది, ముసలివాళ్ళకు మనవరాలైపోయింది. పిల్లలతో సహా అందరూ మేడమ్ అనేవాళ్ళు. సభకు వచ్చేవాళ్ళు నెలనెలా పెరిగారు.

"అది పరిశోధన కాదు, పెళ్ళిపిలుపులు" అన్నాడు ప్రొఫెసరు గారు ఇంట్లో.

"పిలిచేవాళ్ళుంటేనే కదండీ ఎవరైనా కదిలేది" అంది భార్య. ఆవిడ కూడా వెళ్ళడం మొదలుపెట్టింది. వెళ్ళి ముందు కూర్చుని సంతకం కూడా పెడుతోంది. ఆ మాట తెలిసిన పూట ఆయనకు కాఫీలో చక్కెర ఎక్కువైంది.

తర్వాత సెమినారు. ఆ పిల్ల తన పని మీద పేపరు చదివింది. హాలు నిండిపోయింది. మీ శిష్యురాలేగా, గర్వపడాలి మీరు అన్నారు ఒకరిద్దరు ఆయన భుజం తట్టి. ఆ తట్టిన భుజం సాయంత్రం దాకా సలిపింది. ప్రశ్నలు అడగమన్నప్పుడు ఆయన లేచి, గొంతు సవరించుకుని, "పరిశోధకురాలే కుర్చీలు మోస్తే దాన్ని ఏ పద్ధతి అంటారమ్మా?" అని అడిగాడు. కొందరు నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. "గీతలన్నీ మీరు నేర్పినవే సార్. కుర్చీలు మాత్రం కాస్త జరిపాను" అంది. హాలంతా చప్పట్లు. ప్రొఫెసరు గారు కూడా కొట్టాడు, రెండు చేతులూ తనవి కానట్టు. ఆ చప్పట్లకు తలకొట్టేసినట్టయింది.

ఇలా ఉండగా పిల్లల గది సంగతి వచ్చింది. పనులకు పోయే ఆడవాళ్ళు పొద్దున్నే పిల్లల్ని దించి వెళ్ళే గది అది. వార్డు ఆఫీసు కిందే ఉంటుంది, ఒక ఆయా చూసుకుంటుంది. ఆ గది ఖాళీ చేయించి సామాన్ల గోడౌనుకు ఇవ్వాలని పైనుంచి కాగితం వచ్చింది. వార్డు సభ కూడి వద్దని తీర్మానిస్తే ఆగుతుంది. మొదటి సభ కుదరకపోతే నెల తర్వాత ఇంకొకటి. అదీ కుదరకపోతే గది పోయినట్టే. ఆ పిల్ల కాలికి బలపం కట్టుకుని తిరిగింది. ఆమె కూడా ఈ పని మీద ఒక పుస్తకం రాస్తోంది, తీర్మానం నెగ్గితే దానికి అంతకంటే మంచి ముగింపు ఉండదు. ఈయన పుస్తకానికి అంతకంటే చావుదెబ్బా ఉండదు.

సభనాడు వార్డు ఆఫీసులో సభ గది కిటకిటలాడింది. ప్రొఫెసరు గారు తన గోడ దగ్గర తాను కూర్చుని పటం గీస్తున్నాడు. సంతకాలు అయ్యాక గుమాస్తా లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు. ఒక్కటి తక్కువ.

కొందరు బయటకు పరిగెత్తారు. షిఫ్టు పనికి పోయేవాళ్ళ బస్సు అప్పుడే వెళ్ళిపోయిందన్నారు. ఎదురింటాయన ఊళ్ళో లేడన్నారు. ఆ పిల్ల సంతకం చెల్లదు, ఆమె ఓటు వేరే వార్డులో ఉంది. గుమాస్తా గడియారం వైపు చూశాడు. తర్వాత వెనక్కి చూశాడు.

"సారు ఈ వార్డు ఓటరే కదా" అన్నాడు.

గదిలో తలలన్నీ తిరిగాయి. పన్నెండేళ్ళలో ఆ గదిలో ఒక్కరూ ఆయన్ని అలా చూడలేదు. ముందు కూర్చున్న భార్య కూడా తిరిగింది.

హాజరు పుస్తకం దగ్గరకు వెళ్ళి పేరు రాస్తే అరనిమిషం పని. ఆ అరనిమిషంలో ప్రొఫెసరు గారికి పిల్లల గది కనబడలేదు, ఆయా కనబడలేదు. ఆ పిల్ల మళ్ళీ ఒక హాల్లో నిలబడి ఉండటం, తాను మళ్ళీ చప్పట్లు కొట్టడం కనబడింది. కడుపు భగ్గుమంది.

"నేను పరిశీలకుణ్ణి. సంతకం పెడితే ఇన్నేళ్ళ పని పాడైపోతుంది" అన్నాడు.

ఆయా లేచింది. "మాస్టారూ, పాతిక మంది పసిపిల్లలండీ" అంది.

అప్పుడు ఆ పిల్ల అడ్డం వచ్చింది. "సార్‌ని అడక్కండమ్మా. అది ఆయన పద్ధతి. ఆయన ఎప్పుడూ ఎవరివైపూ మొగ్గరు. ఒక్కళ్ళను తేలేకపోయాను, తప్పు నాది" అంది. గుమాస్తా పుస్తకం మూశాడు.

ఇంటి గుమ్మం దాటాక, భార్య చెప్పులు విడుస్తూ అంది: "మీరు ఆ పిల్ల మీద ఏడుస్తున్నారు."

"పద్ధతి అనేది ఒకటుంటుంది. నీకు అర్థం కాదు."

"పద్ధతికి చెమటలు పట్టవండీ. ఇందాక మీ చొక్కా అంతా తడిసింది" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన చొక్కా వైపు చూసుకోలేదు.

వారం తిరక్కుండా ఆ పిల్ల ఇంటికి వచ్చింది. అత్తయ్య పెట్టిన టీ పక్కన పెట్టి, మావయ్య ఎదురుగా కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది.

"మావయ్యా, ఆ రోజు నుంచీ అదే ఆలోచిస్తున్నాను. అంతమంది చూస్తున్నా మీరు కదల్లేదు. నేనైతే కరిగిపోయేదాన్ని. అక్కడే తెలిసింది నాకూ మీకూ తేడా. నేను చూస్తున్నది జనాన్ని కాదు, నేను తోస్తే కదిలే జనాన్ని. మీరు సెమినార్లో అడిగిందే నిజం. రాసిన అధ్యాయాలు పక్కన పెట్టేశాను. ఇక ఇల్లిల్లూ తిరగను. వచ్చే సభకు మీ పక్కన కూర్చుంటాను."

ప్రొఫెసరు గారు అనాల్సింది ఒకటే ఉంది, అది నాలుక దాకా వచ్చింది కూడా. కానీ మింగేశాడు, అది ఎంత తియ్యగా దిగిందంటే ఆయనకే సిగ్గేసింది. "తొందరపడకమ్మా" అన్నాడు పెద్దమనిషిలా. ఆమె వెళ్ళాక తన ఆఖరి అధ్యాయం తీసి గడగడా రాసుకుపోయాడు. కలం ఆగలేదు. ఏదో కూనిరాగం కూడా తీశాడు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు కాస్త గట్టిగానే వినబడింది.

రెండో సభ వచ్చింది. గుమాస్తా పుస్తకం తెరిచి పెట్టాడు. కుర్చీలు వరసలుగా వేసి ఉన్నాయి. జరిపేవాళ్ళు లేరు. ఆయా ఒళ్ళో ఓ చంటిపిల్లను పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది, ఆమె పక్కన ప్రొఫెసరు గారి భార్య. ఇంకో నలుగురైదుగురు గుమ్మం దగ్గర నిలబడి, మేడమ్ ఏ కబురూ చెయ్యలేదేమిటని లోపలికి తొంగిచూశారు. వెనక వరసలో తలవంచుకు కూర్చున్న మేడమ్‌ను చూసి, ఇక ఏమీ లేదనుకున్నట్టు ఇద్దరు వెళ్ళిపోయారు.

ప్రొఫెసరు గారు పటం గీసుకున్నాడు. పెట్టడానికి గీతల్లేవు. ఓరకంట పక్కకు చూశాడు. ఆ పిల్ల కాగితం మీద అదే పటం, అవే గళ్ళు. గోడకు వీపు ఆనించి, పెదవులు బిగించి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా కూర్చుంది. ఆయా వెనక్కి తిరిగి ఆశగా చూస్తే, చూపు దించేసుకుంది. ఆ దించుకోవడం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆయనకు కావలసిందంతా ఆ గదిలో ఉంది. సభ కూడలేదు, జనం రాలేదు, పుస్తకంలోని వాక్యం చెక్కుచెదరలేదు, చప్పట్లు కొట్టించుకున్న పిల్ల నోరు మూసుకుని పక్కన కూర్చుంది. అయినా ఆయనకు ఈసారి కూనిరాగం రాలేదు. ముందు వరసలో చంటిది ఏడుస్తోంది.

"అమ్మాయ్" అన్నాడు నెమ్మదిగా. "లేచి వెళ్ళి పిలుచుకురా."

"వద్దు సార్. ఈసారి పద్ధతి తప్పను" అంది, తలెత్తకుండా.

నిజం చెప్పేస్తే లేస్తుందేమో. ఆ రోజు నన్ను ఆపింది పద్ధతి కాదమ్మా, నీ మీద ఏడుపు, అంటే చాలు. నోరు తెరిచాడు. అంత మాట రాలేదు. అంత మంచివాడైతే కథ ఇంతదాకా వచ్చేదే కాదు. గడియారం చూశాడు. లేచి, కాగితం కుర్చీలో పడేసి, ముందుకు నడిచి హాజరు పుస్తకంలో సంతకం పెట్టాడు.

"మీరొక్కరు పెడితే ఇవాళ సరిపోదండీ" అన్నాడు గుమాస్తా.

"తెలుసు. పుస్తకం మూయకు" అని బయటికి నడిచాడు.

ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్లో కింది అంతస్తు తలుపు కొట్టాడు. తలుపు కొట్టడం కూడా సరిగ్గా చేతకాలేదు, అప్పులవాడిలా బాదేశాడు. ఒకామె తడిచేతులతో తలుపు తీసింది.

"ఎవరు కావాలండీ?"

"వార్డు సభ. పిల్లల గది విషయం. మీరు వచ్చి సంతకం పెట్టాలి."

"మీరెవరు?"

పన్నెండేళ్ళుగా ఈ వీధిని చదువుతున్నవాణ్ణి అని చెప్పబోయి ఆగాడు. ఆమె ఆయన భుజం మీదుగా వీధిలోకి చూసింది.

"మేడమ్ రాలేదా? ఆవిడ పిలిస్తే వెళ్తాం గానీ, ఎవరో వచ్చి రమ్మంటే ఎట్లాగండీ?"

కడుపులో మళ్ళీ భగ్గుమంది. ఇప్పుడు కూడా, ఈ గుమ్మంలో కూడా. ఆయన మంచివాడేమీ అయిపోలేదు.

"మేడమే పంపించారండీ" అన్నాడు. "నేను ఆవిడ దగ్గర పని చేస్తాను."

ఆమె వెంటనే చేతులు తుడుచుకుంది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. పైవాళ్ళను కూడా పిలవండి, నేను చెప్పులేసుకుని వస్తా" అని, మెట్ల వైపు తలెత్తి, "వదినా, మేడమ్ మనిషి వస్తున్నాడు, సభకంట, దిగండి" అని కేకేసింది.

మేడమ్ మనిషి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. అడుగడుక్కీ మండుతూనే ఉంది. పై అంతస్తులో తలుపులు అప్పటికే తెరుచుకుంటున్నాయి.